జల్‌కోట్ దాటాక బండి ఎందుకు ఆగింది?

జూన్‌లో బడులు తెరిచిన వారం మా తల్లిదండ్రుల సమావేశంలో ఒక తల్లి లేచి అడిగింది: "ఏప్రిల్ల పిల్లల్ని తీస్కపోయి ఎండల రోడ్డు మీద నిలబెట్టిన బండి గదే గద సార్? మళ్ల గా బండ్లనే పంపాల్నా?" వెనక వరుసలో కూర్చున్న వ్యాను యజమాని తల దించుకున్నాడు. ఆయన కూతురూ మా బడిలోనే ఆరో తరగతి. పొద్దున బడి పిల్లల్ని దింపి, మధ్యాహ్నం అక్కల్‌కోట్ రోడ్డు కార్ఖానాల నుంచి తువ్వాళ్ల మూటలు ట్రాన్స్‌పోర్ట్ ఆఫీసుకు వేసి, సాయంత్రం మళ్లీ పిల్లల్ని ఇళ్లకు చేర్చడం ఆయన పని. వ్యాను మీద అప్పు ఇంకా రెండేళ్లు కట్టాలి. బడి కాదంటే ఆ ఇంటికి నెల గడవదు. బడి అవునంటే, నలభై ఇళ్ల పిల్లల బాధ్యత మాది.

ఆ రోజు మేము చెప్పిన జవాబు అరగంట పట్టింది. విన్న తల్లిదండ్రుల్లో కొందరు దీన్ని పేజీలో రాయమన్నారు. బండి ఏ కంపెనీదో, మొదట ఏ గ్యారేజీకి తీసుకెళ్లారో ఇక్కడ అవసరం లేదు. ఆగిన బండి ఎందుకు ఆగిందో ఎలా తెలిసిందన్నదే చెబుతాం.

కథ ఫిబ్రవరిలో మొదలైంది. మూటలతో హైదరాబాద్ వెళ్తుంటే ఒక చోట వ్యాను ఆగిపోయింది. ఎంత సెల్ఫ్ కొట్టినా అంటుకోలేదు. చెట్టు కింద అరగంట కూర్చుని మళ్లీ చాబీ తిప్పితే ఏమీ జరగనట్టు అంటుకుంది. సోలాపూర్‌కు తిరిగొచ్చి గ్యారేజీలో చూపిస్తే, అక్కడ బండి నిక్షేపంగా నడిచింది. ఇంట్లో నూటమూడు జ్వరంతో మూలిగిన పిల్లాడు డాక్టరు గదిలోకి రాగానే ఆడుకున్నట్టు. గ్యారేజీ వాళ్లు మొదట ప్లగ్గులు మార్చారు, తర్వాత కాయిల్. చివరికి, "సెల్ఫ్ కొట్టినప్పుడు పంపు చప్పుడు రాలేదు" అని యజమాని చెప్పిన మాట పట్టుకుని పెట్రోలు పంపు కూడా మార్చారు. మొత్తం పదకొండు వేలు దాటింది. ఆ తర్వాత నెల రోజులు నగరంలో బండి ఒక్కసారి కూడా ఆగలేదు.

ఆ నెల రోజుల్ని చూసి మేమూ బాగైందనుకున్నాం. అది మా తప్పని ఒప్పుకోవాలి. కుచన్ నగర్ నుంచి బడికి ఇరవై నిమిషాలు, బడి నుంచి కార్ఖానాకు పావుగంట. అలా ఆగుతూ తిరిగే బండిని చూసి గంటన్నర ప్రయాణానికి పనికొస్తుందని చెప్పలేం. దూరం వెళ్లినప్పుడే వచ్చే జబ్బు తగ్గిందో లేదో దూరం వెళ్లే చూడాలి, అదీ పిల్లలు లేకుండా. మేము పిల్లలతో వెళ్లి తెలుసుకున్నాం.

పరీక్షలయ్యాక ఏప్రిల్‌లో ఒక ఆదివారం. సైన్స్ ప్రాజెక్టు బాగా చేసిన నలుగురు పిల్లల్ని హైదరాబాద్ నౌబత్ పహాడ్ మీది బిర్లా ప్లానెటేరియం చూపించడానికి బయలుదేరాం. ఇద్దరు టీచర్లం, వ్యాను యజమాని, తోడుగా ఒక పిల్లాడి తాత. తాత నలభై ఏళ్లు జకార్డు మగ్గం మీద చద్దర్లు నేసిన మనిషి. మొత్తం ఎనిమిది మందిమి. ఆలస్యమై పొద్దున 8:05కు కదిలాం. పుణె నుంచి సోలాపూర్, హైదరాబాద్ మీదుగా మచిలీపట్నం దాకా పోయే 65వ నంబర్ జాతీయ రహదారి అది. మన పేటల్లోని సగం ఇళ్లకు పుట్టింటి దారి. పెళ్లిళ్లకూ చావులకూ సిరిసిల్ల, కరీంనగర్, వరంగల్ వైపు ఈ దారినే పోతాం.

నల్‌దుర్గ్ కోట దాటింది. జల్‌కోట్ దాటింది. 9:20కి ఎదురుగా లారీని దాటబోతుండగా ఇంజిన్ చప్పుడు ఆగిపోయింది.

ఇక్కడ ఒక సంగతి ప్రతి డ్రైవరుకూ, బండి నడిపే ప్రతి తల్లికీ తండ్రికీ తెలియాలి. నడుస్తూ ఇంజిన్ ఆగితే స్టీరింగ్ ఒక్కసారిగా బరువెక్కుతుంది. పవర్ స్టీరింగ్ సాయం పోతుంది కాబట్టి గట్టిగా తిప్పాలి, కానీ తిరుగుతుంది. బ్రేకు కూడా ఒకటి రెండు నొక్కుల దాకా మెత్తగానే ఉండి, తర్వాత రాయిలా గట్టిపడుతుంది. ఇంజిన్ ఇచ్చే వాక్యూమ్ సాయం అంతటితో అయిపోతుంది. కాబట్టి బ్రేకును ఊరికే నొక్కి వదలకూడదు. ఒకే నొక్కుతో నింపాదిగా పక్కకు తీసుకోవాలి. చాబీ పూర్తిగా వెనక్కి తిప్పి బయటికి లాగితే స్టీరింగ్ తాళం పడే ప్రమాదముంది, ఆ పని అసలు చేయకూడదు. మా డ్రైవరు ఇవన్నీ సరిగానే చేశాడు. నాలుగు ఇండికేటర్లు వేసి, ఎర్ర త్రికోణాన్ని 50 మీటర్ల వెనక పెట్టాం. పిల్లల్ని బండిలో ఉంచకుండా రోడ్డు అంచు కంచె అవతలికి పంపాం. ఆగిన బండిలో కూర్చోవడం నీడ కోసమే కావచ్చు, కానీ వెనక నుంచి వచ్చే లారీకి ఆ సంగతి తెలియదు. జాతీయ రహదారి మీద సాయానికి 1033, ఏ అత్యవసరానికైనా 112.

పిల్లల్లో ఒకమ్మాయి ఏడో తరగతి. దారిలో చూసినవన్నీ రాయమని మేమే ఒక నోట్‌బుక్ ఇచ్చాం. ఊళ్ల పేర్లు, కోట, బోరీ నది రాస్తూ వచ్చిన ఆ పాప, మేము హడావిడిలో ఉండగా ఇలా రాసుకుంది: "9:20. బండి ఒక్కసారి ఆగింది. దగ్గలేదు. ఊగలేదు. లైట్ ఆర్పినట్టు."

ఆ తర్వాత జరిగినదంతా ఈ వాక్యాల మీదే నిలబడింది. పెట్రోలు అందక ఆగే ఇంజిన్ ముందు దగ్గుతుంది. ఊపిరి తీస్తుంది, గుంజుతుంది, ఎత్తు ఎక్కలేనంటుంది, కాసేపు తేరుకుంటుంది, చివరికి ఆగుతుంది. కరెంటు తెగి ఆగే ఇంజిన్‌కు ఆ బాధ లేదు, చాబీ తిప్పి ఆపినట్టు ఆగుతుంది. మిస్త్రీ మొదట అడగాల్సిన ప్రశ్న ఇదే. ఫిబ్రవరిలో ఎవరూ అడగలేదు, ఎవరూ చెప్పలేదు. "ఆగింది" అన్న ఒక్క మాటతో గ్యారేజీకి వెళ్లారు.

9:46కు బండి అంటుకుంది. వెనక్కి తిరగాలా, ముందుకు పోవాలా అని మాలో మాకు వాదన అయింది. వెనక్కి తిరిగి ఉండాల్సింది. పిల్లల ముఖాలు చూసి ముందుకే పోయాం. ఉమర్గా దాటి కర్ణాటకలోకి వచ్చాక 10:48కి మళ్లీ ఆగింది.

ఈసారి తాత దిగి బండి చుట్టూ ఒకసారి తిరిగాడు. "మగ్గం ఆగితే ముందుగాల మోటరు ఇప్పం బిడ్డా. పేక తెగిందా, కండె ఒడిసిందా, పడుగు పోగు పోయిందా చూస్తం. సుకం లేనిది మోటరుకు కాదు, దారానికి. మగ్గమే ఆపుకుంటది. గీ బండి ఆగిందా, ఆపుకుందా?" అన్నాడు.

తాత అడిగింది చిన్న మాట కాదు. మర మగ్గంలో పేక దారం తెగగానే చిన్న ఫోర్కు ఒకటి దాన్ని కనిపెట్టి మగ్గాన్ని ఆపేస్తుంది. ఆపకపోతే బట్ట పాడవుతుంది. కంచె అవతల ఎండలో నిలబడి పిల్లలకు మేము ఒక సంగతి చెప్పాం. జపాన్‌లో సకిచి టొయోడా అనే ఆయన మగ్గాలు తయారు చేసేవాడు. దారం తెగితే తానే ఆగి, కండె అయిపోతే నడుస్తూనే మార్చుకునే మగ్గాన్ని 1924లో తెచ్చాడు. దాని హక్కులను 1929లో ఇంగ్లండ్‌లోని ప్లాట్ బ్రదర్స్‌కు అమ్మారు. ఆయన కొడుకు కిచిరో మోటారు కార్ల వైపు మళ్లాడు, 1937లో టొయోటా మోటార్ కంపెనీ పుట్టింది. మన దేశంలో ఇంటింటికీ తెలిసిన సుజుకీ కూడా 1909లో హమామత్సు ఊళ్లో మిచియో సుజుకీ పెట్టిన మగ్గాల కార్ఖానాయే. 1983 డిసెంబరులో మారుతి 800 మన రోడ్ల మీదికి వచ్చేనాటికి దాని వెనక డెబ్బై ఏళ్లకు పైబడిన మగ్గం చరిత్ర ఉంది. తప్పు కనబడితే ముందు ఆగు, ఆగి "ఎందుకు" అని అయిదుసార్లు అడుగు అన్న పద్ధతి కూడా ఆ టొయోడా పేరుతోనే ప్రచారంలో ఉంది. తాతకు ఆ పేర్లేవీ కొత్తగా అనిపించలేదు. "మగ్గం జేసినోనికి బండి ఎంత?" అన్నాడంతే.

ఇక వరసగా చూశాం. ఖర్చు లేనివి ముందు. టాంకీ మూత తీశాం. పెట్రోలు ఖర్చవుతున్నకొద్దీ టాంకీలోకి గాలి రావాలి. ఆ గాలి దారి మూసుకుపోతే లోపల శూన్యం ఏర్పడి పెట్రోలు ముందుకు రాదు. అలాంటప్పుడు మూత తీయగానే బుస్సుమని గాలి లోపలికి పోతుంది, బండి వెంటనే అంటుకుంటుంది. మాకు ఆ చప్పుడు రాలేదు, బండీ అంటుకోలేదు. వేడి ముల్లు మధ్యలోనే ఉంది, నీళ్లు తగ్గలేదు. బ్యాటరీ తీగలు గట్టిగానే ఉన్నాయి, సెల్ఫ్ జోరుగా తిరుగుతోంది.

తర్వాత చాబీని సెల్ఫ్ దాకా తిప్పకుండా మధ్యలో ఆపి, అందరం ఊపిరి బిగబట్టి విన్నాం. వెనక టాంకీ దగ్గర రెండు సెకన్లు సన్నగా గుయ్యిమంది. అది పెట్రోలు పంపు. అంటే పంపు బతికే ఉంది. కానీ సెల్ఫ్ కొడుతుంటే మాత్రం ఆ చప్పుడు లేదు. ఫిబ్రవరిలో యజమాని విన్నది ఇదే, పంపు మార్పించిందీ ఇదే. అసలు విషయం వేరు. చాబీ తిప్పగానే బండి మెదడు, అంటే ఈసీయూ పెట్టె, రెండు సెకన్లు పంపును నడిపి ఆపేస్తుంది. ఇంజిన్ తిరుగుతోందన్న కబురు అందితేనే మళ్లీ నడుపుతుంది. ప్రమాదంలో ఇంజిన్ ఆగిన తర్వాత పెట్రోలు పారకుండా ఉండేందుకు పెట్టిన కాపలా అది. పంపు ఆగిందంటే పంపు చెడిందనే కాదు, నడవమని ఎవరూ చెప్పలేదని కూడా కావచ్చు.

ఎవరు చెప్పాలి? డ్రైవరు వెనక సీట్లోంచి తొంగిచూస్తున్న ఏడో తరగతి పాపకు మరొకటి కనిపించింది. రాసింది కూడా: "సెల్ఫ్ తిరుగుతుంది. ఆర్‌పీఎం ముల్లు సున్నా మీదనే ఉంది." మంచి బండిలో సెల్ఫ్ కొట్టినప్పుడు ఆ ముల్లు కొంచెమైనా లేస్తుంది. ఇంజిన్ తిరుగుతోంది, ముల్లుకు ఆ సంగతి తెలియదు. ముల్లుకు తెలియదంటే ఈసీయూకూ తెలియదు. తాత మాటే నిజమైంది. బండి ఆగలేదు, ఆపుకుంది.

11:20కి అంటుకుంది. 12:08కి హుమ్నాబాద్ దగ్గర మళ్లీ ఆగింది. ఇక ఆటలాపి నలుగురు పిల్లల్ని ఒక టీచరుతో జహీరాబాద్ బస్సు ఎక్కించాం. ఈ పని మొదటిసారి ఆగినప్పుడే చేయాల్సింది. పాప వెళ్తూ నోట్‌బుక్ తాత చేతిలో పెట్టింది. యాభై ఏళ్ల కింద ఇదే పేటలో తెలుగు బడికి వెళ్లిన తాత, వణికే అక్షరాలతో "12:08 ఆగె. 12:50 అంటుకొనె" అని రాశాడు.

ఆ అంకెల్ని ఒకసారి చూడండి. నడిచినది మొదట 75 నిమిషాలు, తర్వాత 62, తర్వాత 48. ఆగినది మొదట 26 నిమిషాలు, తర్వాత 32, తర్వాత 42. ఎండ ముదిరేకొద్దీ నడక తగ్గింది, విశ్రాంతి పెరిగింది. దూరానికి ఆగే బండి కాదు ఇది, వేడికి ఆగే బండి. అది కూడా నీళ్లు మరిగి కాదు, ఇంజిన్ పక్కన ఉండి ఆ వేడిని పీల్చుకునే చిన్న వస్తువేదో వేడెక్కి.

జహీరాబాద్‌లో రోడ్డు పక్క రేకుల షెడ్డులో ఒక పెద్ద మిస్త్రీ దొరికాడు. ఆయన బండిని ముట్టకముందు నోట్‌బుక్ అడిగి చదివించుకున్నాడు. "ఎవరు రాసిండ్రు సార్ ఇది? మా పోరగాళ్లు ఇట్ల చెప్తే నాకు సగం పని ఉండది" అన్నాడు. ఇంజిన్ నడుస్తూ ఉండనిచ్చి, బానెట్ మూసి, మాకు చాయ్ తెప్పించాడు. పావుగంటకు బండి ఆగింది. రిపేరుకు వచ్చిన చోట బండి ఆగితే అంత సంతోషం కలుగుతుందని మేము అనుకోలేదు.

ఆయన చాబీ తీయించి, "ఒక తువ్వాల ఉందా?" అన్నాడు. సోలాపూర్ బండిలో తువ్వాలకు కరువా! తడిపి, పిండి, ఇంజిన్ కింది భాగంలో బొటనవేలంత నల్ల ప్లాస్టిక్ ముక్క ఒక్కదాని మీద కప్పాడు. నీళ్లు పోయలేదు. కాలిన ఇంజిన్ మీద చన్నీళ్లు పోస్తే లోహం పగలొచ్చని మా డ్రైవరుకు మరీ మరీ చెప్పాడు. అయిదు నిమిషాలు ఆగి సెల్ఫ్ కొట్టమన్నాడు. ముల్లు లేచింది, బండి అంటుకుంది. మిగతా ఇంజిన్ అంతా ఇంకా నిప్పులాగే ఉంది. చల్లబడింది ఆ ఒక్క ముక్క మాత్రమే.

దాని పేరు క్రాంక్ సెన్సర్. ఇంజిన్‌లో పిస్టన్లు తిప్పే ఇరుసుకు ఒక పళ్ల చక్రం ఉంటుంది. చాలా బండ్లలో అరవై పళ్లకు చోటుండి, రెండు పళ్లు కావాలనే లేకుండా వదిలేస్తారు. ఆ ఖాళీ వచ్చినప్పుడల్లా ఒక చుట్టు అయిందని గుర్తు. పళ్లు ముందునుంచి పోతుంటే సెన్సర్‌లోని అయస్కాంతం, దాని చుట్టూ చుట్టిన వెంట్రుక లాంటి రాగి తీగ కలిసి చిన్న కరెంటు అలలు పంపుతాయి. ఆ అలలు లెక్కపెట్టి ఈసీయూ ప్లగ్గుకు ఎప్పుడు నిప్పు ఇవ్వాలో, పెట్రోలు ఎప్పుడు చల్లాలో నిర్ణయిస్తుంది. ఏళ్ల తరబడి వేడికీ చలువకూ సాగి ముడుచుకుని ఆ తీగ ఒకచోట విరిగితే, చల్లగా ఉన్నప్పుడు విరిగిన కొసలు తగులుతూ ఉంటాయి, వేడెక్కితే విడిపోతాయి. అలలు ఆగుతాయి. పేక తెగిందని ఫోర్కుకు తెలిసినట్టు, ఈసీయూ అన్నీ ఆపేస్తుంది.

కొత్త సెన్సర్, కూలీ కలిపి ఫిబ్రవరి ఖర్చులో అయిదో వంతు కాలేదు. అప్పటికి ప్లానెటేరియం వేళ దాటింది. పిల్లలు జహీరాబాద్ బస్టాండులో పుచ్చకాయ తిని మాతోనే తిరిగొచ్చారు. మళ్లీ జల్‌కోట్ దగ్గరికి వచ్చినప్పుడు బండిలో ఎవరూ మాట్లాడలేదు. బండి ఆగలేదు.

మొదటి గ్యారేజీ మీద మాకు కోపం లేదు. ఆగని బండిని చూపించి ఎందుకు ఆగిందో చెప్పమంటే ఎవరైనా అంచనాయే వేస్తారు. అయితే అంచనాకు సామాను మార్చి, దాన్ని పరీక్ష అనడం మాత్రం సరికాదు. 2013 తర్వాతి కార్లలో స్టీరింగ్ కింద ఒక సాకెట్టు ఉంటుంది. దానికి స్కానర్ తగిలిస్తే ఈసీయూ దాచుకున్న తప్పు నంబర్లు కనిపిస్తాయి. క్రాంక్ సెన్సర్ తీగలో లోపానికి పీ0335 అని వస్తుంది. ఎప్పుడో ఒకసారి వచ్చిపోయే లోపానికి నంబరు పడకపోవచ్చు కూడా. అయినా ఏదైనా విప్పకముందే స్కానర్ పెట్టమని అడగడం మన హక్కు.

ఇది చదివి ఆగిన ప్రతి బండికీ క్రాంక్ సెన్సరే కారణం అనుకోవద్దు. ఎత్తు ఎక్కేటప్పుడు దగ్గుతూ బలం తగ్గి ఆగితే ఫిల్టర్, టాంకీలోని జాలీ చూడాలి. మడ్డి జాలీకి అంటుకుని, బండి ఆగాక కిందికి జారి, మళ్లీ కాసేపు దారిస్తుంది. ఇది కూడా "విశ్రాంతికి బాగయ్యే" జబ్బే, కానీ దగ్గు ఉంటుంది. బ్యాటరీ ఎర్ర లైటు వెలిగి ఆగితే ఆల్టర్నేటర్, అది విశ్రాంతికి తేరుకోదు. మన జిల్లా చక్కెర కార్ఖానాల నుంచి వచ్చే ఇథనాల్ ఇప్పుడు పెట్రోలులో కలుస్తోంది. పాత టాంకీల్లో ఏళ్లుగా అంటుకున్న మడ్డిని అది కరిగించి ఫిల్టర్ దాకా తెస్తుంది కాబట్టి, పాత బండ్ల వాళ్లు ఫిల్టర్‌ను ముందే మార్చుకోవడం మేలు. కార్ఖానా గోడ పక్కన నిలిపే బండ్లకు ఇంకొకటి. గాలిలో ఎగిరే దూది నూగు రేడియేటర్ రెక్కల్లో దుప్పటిలా పేరుకుంటుంది. నెలకోసారి గాలి కొట్టించండి.

సమావేశంలో ఇదంతా విన్నాక, ముందు ప్రశ్న అడిగిన తల్లి మరొకటి అడిగింది: "మరి ఇప్పుడు పిల్లలు లేకుండ దూరం తిప్పి చూసిండ్రా?" చూశాం. మే నెలలో, మిట్టమధ్యాహ్నం, ఖాళీ బండితో ఉమర్గా దాకా రెండుసార్లు పోయి వచ్చాడు యజమాని. వేళలు రాసిన కాగితం జేబులోంచి తీసి ఆమెకు ఇచ్చాడు. ఆమె చదివి పక్కావిడకు ఇచ్చింది. కాగితం హాలంతా తిరిగి మా బల్ల మీదికి వచ్చింది. వ్యాను కొనసాగింది. డ్రైవరు సీటు వెనక జేబులో ఒక నోట్‌బుక్, పెన్సిల్ ఉండాలన్న షరతుతో.

పాత సెన్సర్ మా సైన్స్ గది అరలో ఉంది. ఏడో తరగతి పాప ఇప్పుడు ఎనిమిదికి వచ్చింది. మొన్న మల్టీమీటర్ రెండు ముళ్లు దానికి తగిలిస్తే 800 ఓంల దగ్గర అంకె నిలిచింది. సెన్సర్‌ను ప్లాస్టిక్ సంచిలో పెట్టి మరిగే నీళ్లలో ముంచితే అంకె మెల్లగా పెరిగి, చటుక్కున మాయమైంది. బయటికి తీసి తడి తువ్వాలలో చుట్టారు. పిల్లలు గడియారం చూస్తూ నిలబడ్డారు. నాలుగు నిమిషాలకు అంకె తిరిగొచ్చింది.